వాసన పోయింది బావమరిదీ

బావమరిదీ,

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈపాటికి మీ అక్క ఏడుపు మా వీధి చివరిదాకా వినబడేది.

మన లాండ్రీకి గడ్డుకాలం వచ్చింది. కింది గదిలో బాయిలర్ పొగ పైకి తన్నుతోంది. ఇస్త్రీ చేసిన చొక్కాలు జనం ఇంటికి తీసుకెళ్ళి, మూతి ముడిచి, వెనక్కి తెచ్చి నా మొహాన కొడుతున్నారు. మొన్న ఒక లాయరుగారు మన చొక్కా తొడుక్కుని కోర్టులో నిలబడితే, జడ్జిగారు వాదన ఆపి, ఎక్కడో అంటుకున్నట్టుంది చూడండయ్యా అన్నారట. ఎదురుగా ఉన్న లాండ్రీవాడు ఈ సంగతి చెప్పుకుని చెప్పుకుని లావెక్కుతున్నాడు.

మేస్త్రీని పిలిస్తే పొగగొట్టం లోపల కూలిందన్నాడు. గోడ పగలగొట్టాలట. వాడి మొహం, గోడ పగలగొడితే నేనెక్కడ పడుకోను?

నువ్వేదో వాసనలు మింగే నల్లగింజల ఫ్యాక్టరీలో ఉన్నావు కదా. ఇన్నాళ్ళకు నీ ఉద్యోగం ఒకరికి పనికొచ్చే రోజొచ్చింది. ఒక బస్తా పంపు.

ఇట్లు,
నీ అక్కను భరిస్తున్నవాడు

తా.క.: మీ అక్క అడగమన్నవన్నీ రాస్తే ఇంకో కాయితం కావాలి. అన్నిటికీ కలిపి "బాగానే ఉన్నాను" అని ఒక జవాబు రాసెయ్.

—

బావగారికి నమస్కారాలు.

బస్తా పంపించాను. బొగ్గునే మళ్ళీ ఆవిరిలో కాల్చి ఒళ్ళంతా కంటికి కనబడని చిల్లులు చేస్తాం. గాలి వాటి మీదుగా పోయేటప్పుడు వాసనలు ఆ చిల్లుల గోడలకి అంటుకుపోతాయి. పీల్చుకోవడం కాదు, ఒంటికి అంటించుకోవడం. మా కాయితాల్లో అధిశోషణం అంటారు. సన్న జల్లెడ బిగించిన పెట్టెలో గింజలు పోసి ఫ్యాన్ ముందు పెట్టండి.

ఒక్క మాట మాత్రం దయచేసి వినండి. ఈ రకం గింజలు వాసనకే పనికొస్తాయి. బొగ్గు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఈ గింజలకు అది చిక్కదు. అందుకని కిటికీ తెరిచే ఉంచండి. పొగగొట్టం ఎలాగైనా బాగు చేయించండి.

అక్కకి బాగానే ఉన్నానని చెప్పండి.

మీ బావమరిది

తా.క.: ఇవి తినేవి కావు. నవ్వకండి, పోయిన నెల ఒకాయన మిరియాలనుకుని వంటలో వేసి, రుచి లేదని మా ఆఫీసుకి ఫిర్యాదు రాశాడు.

—

ఒరేయ్ బంగారం లాంటి బావమరిదీ,

వాసన పోయింది! పొయ్యి పక్కనే కూర్చుని ముక్కు పగిలేలా పీల్చాను, ఏమీ లేదు. లాయరుగారు తిరిగొచ్చారు, ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఎదుటి లాండ్రీవాడి మొహం చూడాలి నువ్వు, పిండేసిన గుడ్డలా ఉంది.

వాసనే లేనప్పుడు కిటికీతో పనేముంది? చలిగాలి కొట్టి బాయిలర్ ఊరికే బొగ్గు తింటోంది. అందుకని మూసేసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కేశాను. చీమ కూడా దూరదు. పైన మేం పడుకునే గది కూడా వెచ్చగా ఉంటోంది.

నువ్వేదో వాసన లేని గాలి గురించి భయపెట్టావు. ఇక్కడిప్పుడు ఉన్నదంతా వాసన లేని గాలే. నిక్షేపంగా ఉంది.

ఇట్లు,
నీ ఉద్యోగాన్ని మొదటిసారి మెచ్చుకున్న బావ

తా.క.: మా ఇస్త్రీ అతనికి కొత్త రోగం పట్టుకుంది. పనిలోకి రాగానే తలనొప్పి, వాంతులు. వీధిలోకి వెళ్ళగానే మాయం. చిన్నప్పుడు నాకూ ఉండేదిలే ఇలాంటి రోగం, బడి గుమ్మం దగ్గర మొదలయ్యేది. పనిదొంగ. మీ అక్క కూడా వాడి మాటలు విని తల తిరుగుతోందంటోంది.

—

బావగారూ,

ఉత్తరం అందగానే చదవడం ఆపి కిటికీ తెరవండి. తెరిచాక మిగతాది చదవండి.

ఇస్త్రీ అతనిది దొంగ రోగం కాదు, అక్కది కూడా కాదు. అది ఆ విషవాయువే. ఇన్నాళ్ళూ పొగ వాసన కొట్టి మిమ్మల్ని కిటికీ దగ్గరికి తరిమేది. ఆ వాసనని నా గింజలు తీసేశాయి, విషాన్ని వదిలేశాయి. నేను చేసిన సాయమే మీ మీదికొచ్చింది బావగారూ.

బాయిలర్ ఆపేయండి. అతన్ని ఇంటికి పంపండి. ఇంకో బస్తా పంపుతున్నాను, ఇది రాగి లవణం పట్టించిన రకం, ఆ వాయువు దీనికి అంటుకుంటుంది. కానీ దీన్ని నమ్ముకుని మాత్రం కిటికీ మూయకండి. ఎంతో కొంత పట్టాక ఇదీ నిండిపోతుంది. నిండిందని కేక వేసి చెప్పదు.

సెలవు అడిగాను, వారం ఆగమన్నారు. ఉత్తరం కంటే ముందే అందేలా తంతి కూడా ఇస్తున్నాను. మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీ బావమరిది

తా.క.: నన్ను ఎన్నయినా తిట్టండి. కిటికీ తెరిచి తిట్టండి.

—

మహా శాస్త్రవేత్తగారికి,

మీ తంతి అందింది. తంతి అనగానే మీ అక్క గోడకి చేరగిలబడి, "ఎవరు పోయారండీ" అని ఒకటే ఏడుపు. విప్పితే "కిటికీ తెరవండి" అని ఉంది. తంతి ఇచ్చే సంగతా అది? తెచ్చినవాడు కూడా నవ్వాడు. వాడి ముందు పరువు కోసం తెరిచి, వాడు వెళ్ళాక మూశాను.

నీ ఎత్తు నాకు అర్థం కాలేదనుకున్నావా? నేనూ వ్యాపారస్తుణ్ణే. మొదటి బస్తా ఊరికే ఇచ్చి మరిగించడం, ఆ తర్వాత ప్రాణాలు పోతాయని భయపెట్టి రాగి పూసిన ఖరీదైన రకం అంటగట్టడం. సొంత అక్క మొగుడి దగ్గరా ఈ నాటకాలు? నీ కమీషన్ ఎంతో కాస్త చెప్పు.

ఆ రెండో బస్తా ఎదుటి లాండ్రీవాడికి ఇచ్చేశాను. మోసపోతే వాడే పోతాడు.

ఇకమీదట నీకూ నాకూ మాటల్లేవు.

ఇట్లు,
మీ ఇంటి అల్లుడు

తా.క.: చేతిరాత వంకర్లు పోయిందని వెక్కిరించకు. పొద్దుటి నుంచీ అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి. కళ్ళజోడు మార్చాలి.

—

తమ్ముడూ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. ఇన్నాళ్ళకి జవాబు రాస్తున్నాను.

మీ బావ నీకు ఆ చివరి ఉత్తరం పోస్టులో వేయించిన రోజే జరిగింది. ఎదుటి లాండ్రీ ఆయన, గింజలు ఎలా పోయాలో అడుగుదామని బస్తా పట్టుకుని వచ్చాడట. పిలిస్తే ఎవరూ పలకలేదట. నేను మెట్ల మీద పడి ఉన్నాను. మీ బావ బాయిలర్ దగ్గర. ఇద్దర్నీ వీధిలోకి ఈడ్చి, మళ్ళీ ఇస్త్రీ అతని కోసం లోపలికి వెళ్ళి తనూ పడబోయి నిలదొక్కుకున్నాడట. ఆయన రాకపోతే నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇస్త్రీ అతను దక్కలేదురా. వాళ్ళావిడ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. అతని చెప్పులు ఎక్కడున్నాయని అడిగి, తీసుకుని వెళ్ళిపోయింది. తల నొప్పిగా ఉందమ్మా అని ఆ మనిషి నాతో ఎన్నిసార్లు అన్నాడో. నేనైనా కిటికీ తెరవలేకపోయానే అని కుమిలిపోతున్నాను.

మీ బావ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు. మొదట బాగానే ఉన్నారు. ఆ తర్వాత నెమ్మది నెమ్మదిగా మారిపోయారు. పేర్లు గుర్తులేవు, వీధి గుర్తులేదు. ఆ విషం ఒక్కోసారి అలా తర్వాత మెదడుకి ఎక్కుతుందని డాక్టరు అన్నారు. ఇస్త్రీ అతను పోయాడండీ అంటే, "అయ్యో, ఎవరతను?" అని జాలిపడ్డారు.

ఇప్పుడు అన్నిటికీ సరే అంటారు. స్నానం చేయండంటే సరే, లాండ్రీ అమ్మేద్దామంటే సరే. ఎదుటి ఆయన వస్తే కుర్చీ చూపిస్తారు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ మనిషి ఒక్కసారి నా మాటకి సరే అంటే చాలనుకున్నాను. ఇప్పుడు ఆ మాట వినలేక వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. ఒక్కసారి నా మీద అరిస్తే బాగుండు.

ఆయన నీకు రాసిన ఉత్తరాలు పారేయలేదు కదా? ఉంటే పంపు. నిన్ను బాగా తిట్టినవి ముందు పంపు. రోజూ చదివి వినిపిస్తాను.

మీ అక్క

తా.క.: నేను రాస్తుంటే పక్కకొచ్చి కూర్చుని, ఎవరికి అని అడిగారు. మా తమ్ముడికి అన్నాను. "మంచివాడా?" అన్నారు. చాలా మంచివాడండీ అన్నాను. "అయితే నా నమస్కారాలు కూడా రాయి" అన్నారు.