నరసప్పను ఏమీ అనని లెంటు

మార్చి 5, బుధవారం. పెనుకొండ.

1970లో మిషన్ కాంపౌండు దొరసాని నాకొక మాట ఇచ్చింది. తమ దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు నన్నూ ఓడలో తీసుకెళతామని, అక్కడ వాళ్ళ మనుషులకు తెలుగు నేర్పవచ్చని. ఇంతలో గుడ్ ఫ్రైడే రాత్రి నేను టూరింగ్ డేరాలో సినిమా చూస్తూ కనిపించానని ఎవరో ఆమె చెవిన వేశారు. ఓడ వెళ్ళింది. నా బదులు నా చిన్ననాటి స్నేహితుడు నరసప్ప ఎక్కాడు, కొన్నేళ్ళుండి తిరిగొచ్చాడు. ఆ ‘ఎవరో’ కూడా నరసప్పే. డేరా లోపల నేను కనిపించాలంటే తనూ లోపలే ఉండాలి కదా అని దొరసాని అడగలేదు. సముద్రాలు దాటిన మనిషికి అంత చిన్న సంగతి తట్టలేదు.

సరే. నేటి నుంచి లెంటు, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం. చర్చిలో అందరూ మాంసం మానేశారు. నాకు పళ్ళే లేవు, మాంసం మానితే ఏం గొప్ప? అందుకని నిజంగా రుచించేదే మానేస్తున్నాను. ఈస్టరు దాకా ఏ మనిషి దగ్గరా నరసప్పను ఒక్క మాట అనను.

మార్చి 8, శనివారం.

బ్రహ్మాండంగా సాగుతోంది. ఇంతవరకు ఏమీ అనలేదు. ఇంటికి ఎవరూ రాలేదు కూడా.

సాయంత్రం హిందూపురం నుంచి ఒక జంట వచ్చింది. సంతోష్, మేరీ. ఒక మిషన్ సంస్థ వీళ్ళను కంబోడియాకు పంపాలనుకుంటోంది. అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి, మనుషులతో స్నేహం కలపాలి. సంతోష్ ఇంగ్లీషు ఆగకుండా మాట్లాడతాడు, సగం తప్పులు. మేరీ మాటల్లో తప్పులుండవు, నోరే తెరవదు కనుక. ఈస్టరులోగా మద్రాసు నుంచి ట్రైనర్ వచ్చి వీళ్ళను పరీక్షిస్తాడట. మేరీ మాట్లాడకపోతే ఇద్దరి ప్రయాణమూ ఆగిపోతుంది.

“పెనుకొండలో ఇంగ్లీషుకు మిమ్మల్ని మించినోళ్ళు లేరని మా తాత చెప్పినాడు సార్.”

“మీ తాత ఎవరప్పా?”

“ధర్మవరం నరసప్ప.”

నాలుక కొరుక్కున్నాను. చెంబెడు నీళ్ళు తాగాను. ప్రతి శనివారం రమ్మన్నాను.

మార్చి 22, శనివారం. హిందూపురం బస్టాండు.

పాఠం: కొత్తవాళ్ళతో ఇంగ్లీషులో మాట కలపడం. సంతోష్ ఒక రైతును పట్టుకున్నాడు. ఆయన సగం కన్నడం, సగం తెలుగులో పట్టుగూళ్ళ ధర పడిపోయిందని చెప్పి సంతోష్ భుజం మీద ఏడ్చినంత పని చేశాడు. స్నేహం కలిసింది. ఇంగ్లీషు కలవలేదు.

మేరీ బెంచీ మీద సంచి పట్టుకుని కూర్చుంది.

“లోపల అన్నీ ఉండాయి సార్. నోటికాడికొచ్చి నిలబడిపోతాయి.”

“నాకు ఆ జబ్బు లేకనే బతుకు పాడైంది తల్లీ” అన్నాను. నవ్వింది.

తిరుగు బస్సులో పక్క సీటాయనకు ‘ఒక పెద్దమనిషి’ గురించి కొంచెం చెప్పాను. పేరు చెప్పలేదు. లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 5, శనివారం.

పొద్దున పేరు చెప్పాను, పాలాయనకు. ఆయనకు చెవుడు. లెక్కలోకి రాదు.

సాయంత్రం మేరీ బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు తెచ్చింది.

“సార్, మా ట్రైనింగులో ఒక పని పెట్టినారు. తెలిసినోళ్ళలో అందరికంటే మొండి మనిషితో స్నేహం చెయ్యాలంట. మీతో అయిపోయినట్లే కదా సార్?”

సంతోష్ ఆమె కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది.

“నా పేరు ఎవరు చెప్పినారు?”

“తాత.”

నేను పాఠం చెబుతున్నాననుకున్నాను. పాఠం నేనే. ఓళిగ మాత్రం బాగుంది. అది తింటూ నరసప్ప సంగతంతా విప్పాను, చీకటి పడేదాకా. సొంత మనవడు బయటి మనిషి కాడు. లెక్కలోకి రాదనే అనుకోవాలి.

ఏప్రిల్ 11, శుక్రవారం. ధర్మవరం.

మొండి మనిషిని ట్రైనర్ కళ్ళారా చూడాలట. రాకపోతే పిల్లల ప్రయాణం పోతుంది. నరసప్ప ఇంట్లో ప్రార్థన కూడిక. వెళ్ళాను.

“ఏమబ్బా సంజీవప్పా, బతికే ఉండావా?”

“నిన్ను సాగనంపి పోదామని.”

మా కూడికల్లో ఒక ఆచారం ఉంది. ముఖాన తిట్టలేని మనిషిని ప్రార్థనలో తిడతారు. అందరి కళ్ళూ మూసి ఉంటాయి, మాటలు దేవుడితో నడుస్తాయి, తిట్లు తిన్నవాడు కూడా చివర ఆమేన్ అనాలి. నరసప్ప ఈ విద్యలో ఆరితేరినవాడు.

“తండ్రీ, నా చిన్ననాటి స్నేహితుని మనసులో చేదు ఉండాది. గుడ్ ఫ్రైడే నాడు సినిమాకు పోయి నీ పిలుపు పోగొట్టుకున్నాడు. క్షమించు తండ్రీ.”

ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. తర్వాత నా వంతు.

“ప్రభువా, ఆ పొద్దు డేరాలో నేనుండా, నిజమే. నా పక్కన కూచొని నా శనక్కాయలు తిని, నా సోడా తాగినోడు ఎవరో నీకు తెలుసు. తెల్లారి దొరసాని కాడికి పోయినోడు ఎవరో కూడా తెలుసు. నువ్వే క్షమించు తండ్రీ. నాతో కాదు.”

ఆమేన్ అలవాటుగా వచ్చేసింది అందరికీ. నరసప్పకు కూడా.

ట్రైనర్ తమిళుడు, తెలుగు రాదు. ఏమన్నారని ఇంగ్లీషులో అడిగాడు. ఎన్నడూ నోరు మూయని సంతోష్ తాతవైపు చూసి నేల చూశాడు. మేరీ లేచింది. రెండు ప్రార్థనలనూ ఇంగ్లీషులో చెప్పింది. ఎవరివైపూ మొగ్గలేదు, శనక్కాయలు వదల్లేదు, సోడా వదల్లేదు. ఇంగ్లీషు మాస్టరుగా నా సర్వీసంతా కలిపినా క్లాసులో అంత మంచి ఇంగ్లీషు వినలేదు. ఎప్పుడు బయలుదేరగలరని ట్రైనర్ అడిగాడు.

భోజనాల దగ్గర నరసప్ప నా కంచంలో సంగటి ముద్ద వేస్తూ, “ఆ సినిమా బాగుండె కదబ్బా” అన్నాడు. ఇన్నేళ్ళకు నాకు దక్కిన క్షమాపణ అది.

తీర్మానం మాటకొస్తే, నేను దేవుడితో అన్నాను. ‘ఏ మనిషి దగ్గరా’ అనే కదా రాసుకున్నది.

ఏప్రిల్ 21, సోమవారం.

ఈస్టరు అయింది. హిందూపురం స్టేషన్లో పిల్లలను రైలెక్కించాం, బెంగళూరులో విమానం.

“ఆడ కూడా మొండోళ్ళు ఉంటే ఏం చెయ్యాల సార్?”

“ఓళిగలు పెట్టు. తినేదాకా వాళ్ళ గొడవ విను.”

“మీరూ ఒకతూరి రాండి సార్.”

మోకాళ్ళు ఒప్పుకోవన్నాను. వెనక నరసప్ప ఎవరితోనో అంటున్నాడు: “మా మేరీకి ఇంగ్లీషంతా మా ఇంట్లోనే వచ్చిండేది.”

మళ్ళీ మొదలు. రేపటి నుంచి పెంతెకొస్తు పండుగ దాకా, మనిషి దగ్గరా దేవుడి దగ్గరా, ఒక్క మాట అనను. ఈసారి గట్టిగా. కాని అది రేపటి నుంచి. ఈ పూట రాసిపెడుతున్నాను: ఆ ఓడలో ఆ చోటు నాది. ఎక్కనివ్వనిది దొరసాని కాదు, సినిమా కాదు.

నరసప్ప.