వదినగారి పేరున్న పుంజు

వదినగారికి నమస్కారాలు.

గుడ్ల కోసమని పెట్టో పుంజో తేలని కోడిపిల్లల్ని చవకగా కొన్నాం. మా హాసిని వాటికి బారసాల చేసి, మనింటి ఆడవాళ్ల పేర్లు పెట్టింది. తీరా పెరిగాక అన్నీ పుంజులే. అన్నిటికన్నా ముందు కూసేది మీ పేరుదే.

తెల్లవారకముందే మీ తమ్ముడు గార్డెన్‌లోకి పరుగెత్తి, "నాగజ్యోతీ, ఇక నోరు ముయ్యి" అని అరుస్తున్నారు. పక్కింటి మార్టిన్‌కు ఆ పేరు కంఠతా వచ్చేసింది. ఈ గోల మీద ఊరి కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తానంటున్నాడు. ఆదివారం మీరు మా ఊరు మిల్టన్ కీన్స్‌కు వచ్చినప్పుడు అతను పలకరిస్తే దయచేసి వేరే పేరు చెప్పండి.

పుంజుల్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు మీ తమ్ముడు. నాకే మనసొప్పడం లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మిమ్మల్ని పల్లెత్తు మాట అనడం ఇప్పుడే వింటున్నాను.

మీ మరదలు