ఇరవై రెండు లెస్

మార్చి 11, మంగళవారం

పుంగనూరు రోడ్డు టెండరు పోయింది. కుప్పం బాబు సాహెబ్ ఎగరేసుకుపోయాడు. ఎస్టిమేట్ మీద ఇరవై రెండు శాతం లెస్! నేను ఆరు లెస్ వేయడానికే నిద్ర మానుకున్నాను. తారు, కంకర, డీజిల్ నాకైనా వాడికైనా ఒకటే ధర. తేడా రావాలంటే కూలిలోనే రావాలి. సర్కారు నిర్ణయించిన కూలి ఇస్తే ఆ రేటుకు గుంతలు పూడ్చడం ఎవడి వల్లా కాదు. ఎక్కడో దొంగాట ఉంది.

పోతే పోయిందిలేప్పా, అన్నం తిందువు రా అని మా ఆవిడ మాలతి ల్యాప్‌టాప్ మూసేసింది. తినలేదు.

మార్చి 12

అజీర్తి. అసూయ కాదు, అజీర్తే.

మార్చి 29, శనివారం

బ్యాంకులో పనుందని మాలతికి చెప్పి వాడి సైటు చూడ్డానికి పోయాను.

రోలర్ మీద బాబు సాహెబే కూర్చున్నాడు. పెండ్లాం జరీనా గుంతలు ఊడ్చి తారు పూస్తోంది. కొడుకు హమీద్ కంకర దించుతున్నాడు. కోడలు సమ్రీన్ ఎర్రజెండా పట్టుకుని బండ్లు ఆపుతోంది. బయటి కూలోడు ఒక్కడు లేడు. నలుగురూ ఇంటివాళ్లే. ఇంక కూలీల హాజరు మస్టరులో పేరు ఉండదు, పీఎఫ్ ఉండదు, కూలి ఉండదు. ఇదా కిటుకు!

కిటుకు తెలిశాక మనసు కుదుటపడాలి కదా, పడలేదు. ఎందుకంటే పని బాగుంది. గుంత అంచులు చదరంగా కోసి మరీ పూడుస్తున్నారు. నా మనుషులు నెత్తీనోరూ కొట్టుకున్నా కోయరు. మధ్యాహ్నం రోలర్ నీడలో నలుగురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నారు. ఎండలో యాల నిలబడుకోనుండావన్నా, రా, ఒక ముద్ద తిందువు అని జరీనా పిలిచింది. తిన్నాను, బాగుంది. మొగుడూ పెండ్లాలు ఉర్దూలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. నా గురించి కూడా కాదు, నావైపు చూడనైనా లేదు. అదే నాకు మరీ మండింది.

పెండ్లయి పద్నాలుగేండ్లు. మాలతి నా రోడ్డు ఒక్కటైనా చూడలేదు.

మార్చి 31

రోడ్ల శాఖ ఆఫీసుకు కంప్లయింట్ పెట్టేశాను. మస్టరు లేకుండా మనుషులతో పని చేయిస్తున్నాడని, కింద నా పేరుతో, నా సంతకంతో. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేంత పిరికివాణ్ణి కాదు.

టైపు చేసింది మాలతే. వాళ్లింటోళ్లు వాళ్ల పని చేసుకుంటే తప్పేముండాదప్పా అంది. రూలు రూలే అన్నాను. నా దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ సర్కారు కూలి ముడుతుంది, ఎవరూ వేలెత్తి చూపించలేరు అన్నాను. నా మొహం కేసి కాసేపు చూసి ప్రింటు తీసింది.

ఏప్రిల్ 24

వాడి అగ్రిమెంటు రద్దయింది. సగం రోడ్డు అట్లే ఉంది, దానికి మళ్లీ టెండరు. లడ్డూలు తెచ్చాను. ఏం విశేషం అని మాలతి అడిగితే, శనివారం కదా అన్నాను. గురువారం అంది.

మే 9, శుక్రవారం

టెండరు నాదే. నేనూ ఇరవై రెండు లెస్ వేశాను. వాడు చేసింది నేను చేయలేనా? వద్దప్పా, కూలి కట్టేతలికి టిప్పరు పోతాది అని మాలతి మొత్తుకుంది. టిప్పరు ఒక్కటే మాకున్న ఆస్తి. వినలేదు.

మే 26

మనుషులు దొరకడం లేదు. టమోటా సీజన్. మదనపల్లె యార్డులో క్రేట్లు మోస్తే రోడ్డు మీదకంటే ఎక్కువ వస్తుంది, సాయంత్రానికే చేతిలో పడుతుంది. గుర్రంకొండ, పెద్దమండ్యం తిరిగొచ్చాను. మా మేస్త్రీ సాయికుమార్ కూడా, ఈ ఎండలో తారు కాడ ఎవురు సస్తారన్నా అని యార్డుకే పోయాడు.

టీకొట్టు దగ్గర ఎవరో పెద్దాయన, రెండు గుంతలకు ఇన్ని లచ్చలా, కాంట్రాక్టర్లు బాగా మేస్తాండారు అన్నాడు. టీ వదిలేసి వచ్చాను.

జూన్ 3

ఇంకో వారం ఆగితే వాన, గడువు రెండూ మీద పడతాయి. కుప్పం పోయాను, బాబు సాహెబ్ ఇంటికి. నా కంప్లయింట్ కాపీ వాళ్లకు ముందే అందింది. సంతకం సక్కంగా పెట్టినావన్నా, సదువుకోనీకి కష్టం కాలేదు అన్నాడు. కూర్చోమని టీ ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పనికి రమ్మని అడిగాను. ఆయన నోరు తెరవకముందే జరీనా మాట్లాడింది. వస్తామన్నా, మస్టరులో నలుగురి పేర్లూ రాయాల, సర్కారు కూలి ఎవురిది వాళ్ల ఖాతాలో వెయ్యాల, రూలు నేర్పించింది నువ్వే కదా అంది.

వాళ్లకు ఊరికే దొరికిన చేతులు నాకు రూలు ప్రకారం పూర్తి కూలికి దొరికాయి.

జూన్ 14

రోడ్డు అయిపోయింది. అద్దంలా ఉంది. టిప్పరు అమ్మాలి.

జరీనా ఖాతాలో కూలి పడింది. ఆమె మొదటి సంపాదనట. ఫోన్‌లో మెసేజి హమీద్‌కు చూపించింది, సమ్రీన్‌కు చూపించింది, దారిన మేకలు తోలుకుపోతున్న అక్కమ్మ అనే ఆమెను కూడా నిలబెట్టి చూపించింది. ఇంతకాలం ఊరికే చాకిరీ చేయించుకోనుండాడు సూడమ్మా అని మొగుణ్ణి చూపించి నవ్వింది. బాబు సాహెబ్ తల గోక్కున్నాడు.

డబ్బు నాది. టిప్పరు పోయేది నాది. ఆ వెలుగు మాత్రం వాళ్లింటికి పోయింది. సిగ్గులేకుండా దానికీ కుళ్లుకున్నాను.

జూన్ 22, ఆదివారం

వచ్చే టెండరుకు నువ్వూ సైటుకు రా, జరీనా వాళ్ల మాదిరి కలిసి చేసుకుందాం అని మాలతిని అడిగాను.

నేను రాసిన టెండరు కాగితాలు, కట్టిన పీఎఫ్ చలాన్లు, నీ మేస్త్రీలకు వండిన సంగటి, అన్నిటికీ పద్నాలుగేండ్ల కూలి ముందు నా ఖాతాలో వెయ్యప్పా, తర్వాత సూద్దాం అంది.

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు.