ఉప్పు బస్తా వెనక

జగదల్‌పూర్, నర్సింగ్ హాస్టల్
డిసెంబర్ 3

మద్దేడులో దుకాణం తెరిచి కూర్చున్న మా చెన్నకేశవులు తాతకు, మనవరాలు వాసవి దండాలు.

తాతా, దొరికింది! దారి దొరికింది! పరీక్షలయ్యేదాకా వార్డెన్ మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేసింది, లేకపోతే ఇప్పుడే ఫోన్ చేసి నీ చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టర్ వీరేందర్ చేతికిస్తున్నాను.

ఫార్మకాలజీ అంటే మందుల చదువు. ఏ మందు దేనికి, ఎంత వెయ్యాలి, ఎక్కువైతే ఏం చేటు, అన్నీ నోటికి రావాలి. పోయిన పరీక్షలో తప్పాను, నీకు చెప్పలేదు. పద్దెనిమిదిన మేడం ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది. ఇదీ తప్పితే ఏడాది పోయినట్టే. పేర్లు నిలవట్లేదని ఏడుస్తుంటే తట్టింది. మన దుకాణంలో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకున్నా నాకు తెలుసు కదా! మందులన్నీ అందులో సర్దేశాను. బెల్లం దిమ్మల పక్కన షుగరు మందు మెట్‌ఫార్మిన్. మిర్చి బస్తా మీద కడుపుమంట మందు పాంటోప్రజోల్. నిన్న ముప్పై మందులు తడుముకోకుండా అప్పజెప్పాను!

నీ వాసవి

తా.క.: బీపీ మాత్రలు ఉప్పు బస్తా వెనక ఉన్నాయి. చెయ్యి పెడితే చాలు, దొరికిపోతాయి.

*

మద్దేడు
డిసెంబర్ 7

చిరంజీవి వాసవికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. తినే సరుకుల మధ్య మాత్రలేంది బిడ్డా? ఉప్పు బస్తా వెనక ఏ మాత్రలూ లేవు. ఉన్నాయని ఎవరు చెప్పినా నమ్మకు. ఎందుకైనా మంచిదని ఆ బస్తాను అరుగు మీదికి ఈడ్చాను. దుకాణం ఊడ్చే మంగ్లీ "ఇదేంది సేఠ్?" అంటే, ఉప్పుకు గాలి తగలాలన్నాను. నలభై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి! మంచుకు ఉప్పంతా చెమ్మగిల్లింది, ఊరంతా నవ్వుతోంది.

నీ ఉత్తరం చదువుతానని మీ నానమ్మ కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతుకుతోంది. అవి నా జేబులోనే ఉన్నాయి.

ఇట్లు, నీ తాత

తా.క.: దసరాకు వచ్చినప్పుడు నువ్వు ఆ బస్తా వెనక చూశావా? ఊరికే అడుగుతున్నాను.

*

జగదల్‌పూర్
డిసెంబర్ 10

అనుమానాల తాతకు వాసవి నమస్కారం.

అయ్యో తాతా! నేను సర్దింది నా బుర్రలో ఉన్న దుకాణంలో! నిజంగా ఒక్క మాత్ర కూడా పెట్టలేదు. నువ్వు బస్తా ఎందుకు జరిపావు? పొద్దున నా గదిలో ఉండే సంతోషకుమారి నన్ను బీపీ మందుల పేర్లు అడిగింది. కళ్లు మూసుకుంటే అరుగు మీద బస్తా ఈడుస్తున్న నువ్వే కనబడ్డావు. ఒక్క పేరూ రాలేదు! నీకు పుణ్యముంటుంది, బస్తాను పాతచోటే పెట్టు.

నీ వాసవి

తా.క.: నీ మాట మీద నమ్మకం లేదు. నానమ్మను స్వయంగా బస్తా వెనక చెయ్యి పెట్టి చూసి, సరిగ్గా ఉందని చెప్పమను.

*

మద్దేడు
డిసెంబర్ 14

గడుసుపిల్ల వాసవికి దీవెనలు.

నానమ్మ ఎందుకమ్మా మధ్యలో? ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్తా పాతచోటికే చేర్చాను. ఎవరి చెయ్యీ పడకుండా ముందు బెల్లం దిమ్మలు, వాటి ముందు బియ్యం బస్తాలు అడ్డం పెట్టాను. పక్కింటి ఆయతి వచ్చి ఉప్పడిగితే అవన్నీ ఎక్కి దిగాల్సొచ్చింది. కళ్లు తిరిగి మిర్చి బస్తా మీద కూలబడ్డాను. ఏం లేదు, ఎండదెబ్బ.

ఇట్లు, నీ తాత

తా.క.: నీ పరీక్షకు పనికొస్తుందని అడుగుతున్నాను. ఒక పెద్దమనిషి, మనకు తెలిసినవాడేం కాదు, ఇంట్లో ఇచ్చిన బీపీ మాత్రను నాలుక కింద పెట్టుకుని, దసరా నుంచి ఎక్కడో ఒకచోట ఉమ్మేస్తుంటే ఏమైనా అవుతుందా?

*

జగదల్‌పూర్
డిసెంబర్ 18

డిసెంబరులో ఎండదెబ్బ తగిలిన మా తాతకు,

పాసయ్యాను తాతా! పాసయ్యాను! ఇంకో పరీక్ష మిగిలింది, ఫోన్ ఇంకా బీరువాలోనే ఉంది.

లోపలికి వెళ్లే ముందే వీరేందర్ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. మేడం అడిగిన మొదటి ప్రశ్న: "ఒక రోగి మాత్రలు వేసుకుంటున్నానంటాడు, బీపీ మాత్రం దిగదు. అసలు సంగతి ఎలా కనుక్కుంటావ్?" నేను కళ్లు మూసుకుని, "ఉప్పు బస్తా ఎందుకు జరిపావని అడుగుతాను మేడం" అన్నాను.

మేడం పగలబడి నవ్వింది. తర్వాత, "మాత్రలు మానేస్తే ఏమవుతుంది?" అంది. పక్షవాతం రావచ్చు, గుండె ఆగిపోవచ్చు అని చెప్తుంటే మిర్చి బస్తా మీద కూలబడ్డ నువ్వే కనబడ్డావు. పుస్తకంలో చదివినప్పుడు ఇంత భయం వెయ్యలేదు. తాతా, సరుకులన్నీ నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో, మళ్లీ నేర్చుకుంటాను. గల్లా ముందు నువ్వు లేకపోతే మాత్రం ఆ దుకాణంలోకి నేను రాలేను.

దాచిన మాత్రలు ఇప్పుడు గబగబా మింగెయ్యకు. ముందు డాక్టరుకు చూపించుకో.

నీ వాసవి

తా.క.: కవరు మీద నీ పేరు రాయలేదు, మహాలక్ష్మి నానమ్మ పేరు రాశాను. లోపల పై కాగితం మీద బొటనవేలంత అక్షరాలతో "నీ కళ్లద్దాలు తాత జేబులో ఉన్నాయి" అని కూడా రాశాను. ఇది నీ చేతికి వచ్చిందంటే ఆమె చదవడం అయిపోయినట్టే. తలెత్తి చూడు. గుమ్మం ముందు రాంచందర్ ఆటో ఉంటుంది, అందులో నానమ్మ కూర్చుని ఉంటుంది. నడు, ఆస్పత్రికి.