బావ పారేసిన రెండు రాజులు

అచ్చాఫీసు బైండింగ్ విభాగంలో కుట్టు మిషన్ మీద పనిచేసే నేను, వయసు ఇరవై మూడు, తెలివి తిన్నగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, తలుపు గడియ వేసుకుని రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసింది ఏదీ లేదు. ఉందని ఎవరైనా కాగితం తెస్తే అది దొంగది. గడియ ఎందుకంటే, ఈ మేడలో గోడలకే కాదు, మెట్లకి కూడా చెవులున్నాయి.

రేపు ఉదయం గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చుంటున్నాను. పని నెమ్మదిస్తోందని కటింగ్ మిషన్‌కున్న రక్షణ కడ్డీని మేనేజరు తీయించాడు. తీసిన మూడో వారంలో, అట్టలకి జిగురు పూసే మా జిగురు మామ కుడిచేతి వేళ్లు నాలుగు దానికింద పోయాయి. మేం సమ్మె నోటీసిచ్చాం. మేనేజరు గేటుకి తాళం వేస్తానన్నాడు. దాని మీద నేను పెట్టిన పందెం నా ఒళ్లు. కడ్డీ బిగించేదాకా లేవను. లేవలేకపోతే:

1. నా ట్రంకు పెట్టెలోని పుస్తకాలు, కరపత్రాలు అన్నీ కార్మికుల గదికి. టైంకీపరుకి ఒక్కటీ ఇవ్వరాదు. ఆయనకి చదవడం కాదు, ఎవరు చదువుతున్నారో రాసుకోవడం కావాలి.

2. అక్కకి నా దబ్బనం, మైనం పట్టించిన దారపు ఉండ. చిన్నప్పుడు నేను చింపుకొచ్చిన నోటుపుస్తకాలు కుట్టిపెట్టింది తనే. ఈ పని నాకు అక్కడే అంటుకుంది.

3. అట్ట ఊడిన పోకర్ పుస్తకం, గుండె ఉన్నవాడు ఎవడైనా తీసుకోవచ్చు. ఆదివారాలు భోజనాల గదిలో ఇత్తడి గుండీలతో ఆడతాం. గుండీకి ఒక షిఫ్టు, ఓడినవాడు గెలిచినవాడి బదులు చెయ్యాలి. పుస్తకం చెప్పేది ఇదీ: రెండేసి ముక్కలు పంచాక, బల్ల మీద ఒక్కటీ తెరవకముందే, ఒకడు పందెం పెంచి, వాడి మీద ఇంకొకడు పెంచితే, నువ్వు నీ దగ్గరున్నదంతా పందెంలోకి తోసెయ్. చాలామంది ముక్కలు పారేసి తప్పుకుంటారు. నీ చేతిలో ఏముందో చూపించే పనే ఉండదు. ప్రతివారం తోశాను. ముక్కలు చూశావా, కళ్లు మూసుకున్నావా అని బావ దెప్పేవాడు. తరచూ తోసేవాణ్ణి ఎవడో ఒకడు పసిగడతాడని చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంది. అది ఆలస్యంగా చదివాను.

4. అక్క మొగుడు, మా ఫోర్‌మన్, అంటే ఆ బావ గురించి. నిన్న మేనేజరు గదిలో అరగంట కూర్చున్నాడు. బయటికొచ్చి నా మొహం చూడలేదు. వాడు ఉత్త చేతుల్తో తోసే రకం, మూడోరోజు లేస్తాడు అని నా గురించి ఆయనతో ఒక్క మాట అంటే చాలు, నా పందెం గంగలో కలిసినట్టే.

అయినా ఇదీ రాయాలి. పోయినేడు ఒక ఆదివారం జిగురు మామ ఒక గుండీ వేశాడు, బావ నాలుగుకి పెంచాడు, నేను ఏడూ రెండూ పట్టుకుని నా పదకొండు గుండీలూ తోశాను. అంతకంటే చచ్చు ముక్కలు పేకలో లేవు. మామ పారేశాడు. బావ నావంక చాలాసేపు చూసి పారేశాడు. పేక సర్దుతూ అతనివి తిరగేశాను. రెండు రాజులు. వాటిని మించేది ఆసుల జత ఒక్కటే.

ఫోర్‌మన్ అయ్యుండీ ఓడిన నాలుగు గుండీలకి నాలుగు రోజులు నా మిషన్ మీద కూర్చున్నాడు. నేను లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను. నన్ను దువ్వడానికి మేనేజరు ఆడించిన నాటకం అనుకున్నాను. ఏడాదిగా అదే అనుకుంటున్నాను. కానీ భయపడి రాజుల్ని ఎవడూ పారెయ్యడు.

5. కాబట్టి ఈ వీలునామా అమలుచేసే బాధ్యత బావదే. నా అనుమానం పూర్తిగా పోయిందని ఎవరూ అనుకోవద్దు.

బావా, ఈసారి నా చేతిలో ఏముందో నాకే తెలీదు. మూడోరోజు ఆకలి నేనెప్పుడూ చూడలేదు. నామీద జాలిపడి మళ్లీ పారేసి తప్పుకోకు. ఫోర్‌మన్ బయటుంటే కటింగ్ మిషన్ తిరగదు. గేటు దగ్గర రెండు చాపలు వేయించాను. రెండోది ఎవరికని టైంకీపరు అడిగాడు. పేరు రేపు రాసుకోమన్నాను.

తేదీ: ఈ నెల పదకొండు, ఆదివారం సాయంత్రం.
సంతకం: కుట్టు మిషన్ కుర్రాడు

సాక్షులు:
జిగురు మామ (సంతకం చేసే వేళ్లు లేవు గనుక ఎడమ బొటనవేలి ముద్ర)
టీ కొట్టాయన (చదవకుండానే పెట్టబోయాడు, ఆపి, మొత్తం చదివి వినిపించాక పెట్టించాను)