పున్నమ్మ కంప్యూటర్‌లో పడవ

అశ్వారావుపేట
చిరంజీవి లిఖితకు పెదనాన్న వెంకటరామారావు దీవెనలు.

ఇక్కడ వానలు బాగున్నాయి. పామాయిల్ తోట తడిసి నిద్రపోతున్నట్టుంది. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మీ పెద్దమ్మ పున్నమ్మ చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను.

గెలల బరువులు రాసుకోమని నువ్విచ్చిన లినక్స్ కంప్యూటర్‌లో పడవ ఆట ఒకటుంది కదా. మధ్యాహ్నం అన్నాలయ్యాక పున్నమ్మ దాని ముందు కూర్చుంటోంది. అందులో మంచు, వెన్నెల, అంతులేని నీళ్ళు. ఒకడు తెడ్డు వేస్తూ ఉంటాడు. నేను పిలిస్తే "ఆఁ" అంటుంది గానీ, ఆ మాట ఎక్కడో అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టుంటుంది. ఇదివరకు ఆ వేళలో నాతో ముచ్చట్లు చెప్పేది. ఇప్పుడు నాకు గోడే దిక్కు. ఆ ఆటను ఆనవాలు లేకుండా తీసేసే దారి రాయి.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఆ పడవవాడికి ఒత్తు మీసం ఉంది. ఎన్నాళ్ళయినా నెరవదు.

ఖమ్మం
పెదనాన్నకు లిఖిత నమస్కారాలు.

టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి, దీనితో పంపిన చీటీలో ఉన్న వరుస కొట్టండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి. ఊరికే తీసేస్తే సెట్టింగులు మిగులుతాయని, అవీ తుడిచేసే 'పర్జ్' అనే మాట రాశాను. అయినా పెద్దమ్మ ఆడినంత ఆట హోమ్‌లోనే దాక్కుని ఉంటుంది. దాని పేరు ముందు చుక్క ఉంటుంది. అదీ తీసేస్తేనే పూర్తిగా పోయినట్టు.

ఉంటాను,
లిఖిత

తా.క. ముందు పెద్దమ్మను ఒక్క మాట అడగండి.

అశ్వారావుపేట
లిఖితకు ఆశీస్సులు.

అడగలేదు. పాస్‌వర్డ్ కొడితే ఒక్క అక్షరమూ పడలేదు. కీబోర్డు పోయిందనుకుని కొత్తది తెచ్చాను. అదీ అంతే.

పోనీ చుక్క సంగతి చూద్దామని హోమంతా వెతికాను. అటక చూశాను, బియ్యం డ్రమ్ము వెనక చూశాను. "ఏంది వెతుకుతున్నరు?" అంది పున్నమ్మ. కంగారులో "చుక్క" అన్నాను. ఆమె నా కళ్ళలోకి తొంగిచూసి, దవాఖానాలో ఇచ్చిన కళ్ళ చుక్కల మందు తెచ్చి, రెండు కళ్ళల్లో వేసి పడుకోబెట్టింది. ఆ మసకలో ఇల్లంతా నీళ్ళమీద తేలుతున్నట్టనిపించింది. హాయిగానే ఉంది.

నీ
పెదనాన్న

తా.క. కళ్ళు తేటపడ్డాయి. మీసం ఇంకా బాగా కనిపిస్తోంది.

ఖమ్మం
పెదనాన్నా, నమస్తే.

లినక్స్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కనబడదు. గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కండి. హోమ్ అంటే మన ఇల్లు కాదు, ఆ పేరుతో ఉన్న ఫోల్డర్. అది తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాక్కున్నవి బయటపడతాయి. చుక్క పక్కన ఆట పేరు ఉన్నదొక్కటే తీసేయండి.

లిఖిత

తా.క. చుక్కల మందు ఇక చాలు.

అశ్వారావుపేట
తల్లీ లిఖితా, కలకాలం చల్లగా ఉండు.

పున్నమ్మ తోటకు వెళ్ళినప్పుడు అంతా తీసేశాను. వచ్చి చూసుకుంది. తెర మీద పడవ లేదు.

"చేరిండా?" అంది.

ఎవరని అడిగాను. పడవవాడట. ఆట ఎలా ఆడాలో ఆమెకు మొదటినుంచీ తెలియదట. వానలు మొదలైనప్పటినుంచీ అతన్ని ఒడ్డుకు చేర్చాలని చూస్తోందట. "నడి నీళ్ళల్ల మనిషిని వదిలిపెట్టి మీతో ముచ్చట్లెట్ల చెప్పను?" అంది.

నా నోటికి నిజం రాలేదు. చేరాడన్నాను. ఆమె పెద్ద ఊపిరి వదిలి నా పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళ ముచ్చట్లూ ఒక్కటొక్కటిగా చెప్పింది. బయట వాన, లోపల ఆమె గొంతు. నాకు ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. లేచేసరికి ఇంకా చెబుతూనే ఉంది.

నీ
పెదనాన్న

తా.క. ఏ రేవులో దిగాడని అడిగితే, నోటికొచ్చినట్టు భద్రాచలం అన్నాను. ఆదివారం వెళ్ళి పలకరించి వద్దామంటోంది. పులిహోర మూడు పొట్లాలు కడతానంది.