మావయ్యగారు సగంలో వదిలేసిన సినిమా

గుడివాడ

పూజ్యులైన మావయ్యగారికి,

మీ అల్లుడు శామ్యూల్ రాజ్ తల వంచుకుని రాస్తున్న ఉత్తరం. మీరు ఫోను తీయడం లేదు. తీయకపోవడమే న్యాయం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, సుమలత వంటింట్లో పీతలు శుభ్రం చేస్తుంటే, మీకు కాలక్షేపంగా ఉంటుందని ఆ జపాను సినిమా పెట్టాను. సముద్రంలోంచి కొండంత జంతువు రావడం, దానికి వెక్కిళ్ళు పట్టడం, అది వెక్కినప్పుడల్లా అలలు లేచి ఊరి మీద పడటం. నేను పిచ్చివాడిలా నవ్వుతూనే ఉన్నాను. ఫైరింజన్లు వరసకట్టి దానికి మంచినీళ్ళు పట్టిస్తున్నప్పుడు మీవైపు చూశాను. మీరు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. ఉప్పెనలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న మనిషి ముందు నేను పెట్టిన సినిమా అది.

గ్లాసుతో నీళ్ళు తెచ్చేలోపు మీరు లేరు. పీతల కూర ఎవరూ ముట్టలేదు. సుమలత నాతో మాట్లాడటం లేదు.

క్షమించమని అడిగే మొహం లేని
మీ రాజ్

తా.క.: మీరు నా రెయిన్‌కోటు తొడుక్కుని అవనిగడ్డ బస్సెక్కారని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. సినిమాలో నీళ్ళు చూసి అంత భయపడ్డారా అని సుమలత ఏడుస్తోంది.

*

హంసలదీవి

అల్లుడుగారికి విల్సన్ దీవెనలు.

మీ ఉత్తరం చదివి ఇంకా సిగ్గుపడ్డాను. తప్పు మీది కాదు, నాది. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషికి జరగవలసింది కాదు. ఇంతకు మించి రాయలేను. మీ అత్తగారికి కూడా చెప్పలేదు. దయచేసి ఇక్కడితో వదిలేయండి. కొన్నాళ్ళు నన్ను మీ ఇంటికి పిలవకండి.

ఇట్లు, మీ మేలు కోరే
విల్సన్

తా.క.: నేను కూర్చున్న సోఫాలో ఎవరినీ కూర్చోనివ్వకండి. కారణం అడగకండి.

*

గుడివాడ

మావయ్యగారి పాదాలకు,

మీ చోట్లో ఇంకెవరూ కూర్చోకూడదన్నారంటే మనసు ఎంత విరిగిపోయిందో తెలిసింది. మా నిస్సీ అటు వెళ్తే "అది తాతయ్య చోటమ్మా" అని సుమలత ఇవతలికి లాగేస్తోంది. టీవీని అటకెక్కించాం.

నా బాధ ఆగక పాస్టరుగారికి చెప్పుకున్నాను. ఆయన ఇంటికొచ్చి, "తండ్రిలాంటి మనిషిని ఏడిపించారు రాజ్ గారూ. సంఘం ముందు ఒప్పేసుకోండి, మనసు తేలికపడుద్ది," అన్నారు. వచ్చే ఆదివారం లేచి నిలబడి అంతా చెప్పేస్తాను, సోఫా సంగతితో సహా.

దోషిగా మిగిలిన
మీ రాజ్

తా.క.: పాస్టరుగారు ఆ సోఫా ముందు మోకరించి, మీ దిండు మీద నుదురు ఆనించి చాలాసేపు ప్రార్థన చేశారు.

*

హంసలదీవి

అల్లుడుగారికి,

మీ తా.క. చదివి మంచం మీద కూలబడ్డాను. సంఘంలో నోరు విప్పకండి. ఆదివారంలోపు అందాలని దీన్ని స్పీడ్‌పోస్టులో వేయిస్తున్నాను.

నేను ఏడవలేదు. నవ్వాను. క్రేను మీద నిలబడ్డ మునిసిపాలిటీ ఉద్యోగి ఆ జంతువు వీపు నిమురుతూ "మెల్లగా తాగు, పొరబోతుంది" అన్నాడు చూడండి, అక్కడ ఆపుకోలేకపోయాను. నవ్వుతోపాటు ఇంకొకటి కూడా ఆగలేదు. నాకు అరవై దాటాయి. పంచె తడిసింది, దిండు తడిసింది. మీరు నీళ్ళకి లేవగానే దిండు తిరగేసి, చేతికందిన రెయిన్‌కోటు తొడుక్కుని బయటపడ్డాను.

ఉప్పెన మాట కూడా అబద్ధం కాదు. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచి తెర మీద సముద్రం కనపడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఆ రోజు అలలు ఊరి మీద పడుతుంటే నేను నవ్వుతున్నానని మధ్యలో తెలిసింది. నవ్వినందుకొక సిగ్గు, తడిపినందుకొక సిగ్గు. ఏది పెద్దదో బస్సు దిగేదాకా తేలలేదు.

మీ ఉత్తరం వచ్చాక మీ అత్తగారు దయామణికి అంతా చెప్పాను. తను మా మేనమామ కూతురే కదా, చిన్నప్పుడు మా ఇంట్లోనే తిరిగేది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మావయ్య బతికుంటే మీకంటే ఎక్కువ నవ్వేవాడండీ. పడవలో కూర్చుని నవ్వి నవ్వి ఒకసారి నీళ్ళలో పడిపోయాడు, మీకు గుర్తు లేదా?" అంది.

గుర్తు లేదు. నాన్న పోయిన రోజు తప్ప నాన్న సంగతులేవీ గుర్తు చేసుకోలేదు ఇన్నేళ్ళూ. అప్పుడు మాత్రం ఏడ్చాను.

సుమలతకి మీరే చెప్పండి. నా వల్ల కాదు.

మీ
విల్సన్

తా.క.: పాస్టరుగారికి ఏం చెబుతారో మీ ఇష్టం. శనివారం ఇద్దరం వస్తున్నాం. టీవీ దించి, మిగతా సగం పెట్టండి. సోఫా వద్దు, నేల మీద చాప వేయించండి. దయామణికి నాకంటే నవ్వెక్కువ.